అరిగిన గ్రాము బిళ్ల

"రెండు పక్కలా సరిపోయినాక సున్నా ఎట్ల వేస్తారు సార్?"

కెమిస్ట్రీ చెప్పే ఖాదర్‌వలీ మాస్టారిని ల్యాబులో నిలదీసి అడిగినవాడు ఓబులేసు. డిగ్రీ మొదటి ఏడాదే రెండోసారి చదువుతున్నాడు. సెలెక్షన్ పరీక్షలో ముప్పై నాలుగు మార్కులు వచ్చాయి. ముప్పై ఐదు వస్తేనే పెద్ద పరీక్షకు కూర్చోనిస్తారు. లేదంటే ఈ ఏడాదీ మట్టిలో కలిసినట్టే. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందా అని పేపరంతా గాలించి, దొరికిన చోటు మీద వేలు పెట్టుకుని మరీ వచ్చాడు.

ప్రశ్న చిన్నదే. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యే సమీకరణాన్ని తుల్యం చెయ్యాలి. ఎడమ పక్క ఆక్సిజన్లు రెండున్నాయి, కుడి పక్క ఒకటే. సూత్రం ముందు అంకె వేసి అణువుల సంఖ్య పెంచుకోవాల్సింది పోయి, ఓబులేసు నీటి సూత్రంలోనే ఆక్సిజన్ కింద ఒక చిన్న రెండు ఇరికించాడు. లెక్క కుదిరింది గాని, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ సూత్రమై కూర్చుంది. మాస్టారు ఎర్ర సిరాతో "ఇవి నీళ్లు కావు" అని రాసి సున్నా చుట్టారు.

"అక్కడెన్నో ఇక్కడన్నే ఉండాలని చెప్పింది మీరే. ఉన్నాయి గదా! ముష్టి చిన్న అంకెకు నా ఏడాది తీసేస్తారా? పిల్లోళ్లను ఏడిపించడమంటే మీకు సరదా!"

గురువును అనాల్సిన మాట కాదది. మాస్టారికి మాత్రం వాదించే అలవాటు లేదు. త్రాసు అద్దాల తలుపు తీసి ఎడమ పళ్లెంలో కాస్త ఉప్పు పోశారు. తూకం బిళ్లల పెట్టె ముందుకు లాక్కున్నారు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. అందులోవి ఇత్తడి బిళ్లలు. వేలి చెమట అంటితే బరువు మారుతుందని, పట్టకారుతో తప్ప వాటిని ఎవరూ తాకకూడదని మాస్టారి కట్టడి. నిరుడు ఒట్టి చేత్తో పట్టుకున్నందుకు ఓబులేసును నెల్లాళ్లు త్రాసు ఛాయలకే రానివ్వలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం వాటిని తుడిచే పని వాడికే అప్పగించారు. ఆ కాలేజీ మొత్తంలో వాడు నాది అనుకునే వస్తువు ఆ పెట్టె ఒక్కటే.

అలాంటి మాస్టారు గ్రాము బిళ్లను ఒట్టి వేళ్లతో తీసి కుడి పళ్లెంలో వేశారు. అటు మొగ్గింది, ఉప్పు కొంచెం తక్కువ. ఆయన బిళ్లను తీసి, మెగ్నీషియం రిబ్బను రుద్దే గరుకు కాగితం మీద పెట్టి అరగదియ్యడం మొదలుపెట్టారు. ఇత్తడి పొడి రాలింది. వేసి చూశారు, మళ్లీ అరగదీశారు.

ఓబులేసు బల్ల మీదికి వంగాడు. "ఏం చేస్తాండారు సార్!"

మాస్టారు రుద్దుతూనే ఉన్నారు. మూడోసారికి త్రాసు ముల్లు నడిమధ్యన నిలిచింది.

"సరిపోయింది," అన్నారు.

"ఏం సరిపోయింది?" ఓబులేసు ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. "ఉప్పు తక్కువైతే ఇంకొంచెం ఉప్పు వేసుకోవాల గాని, బిళ్లను అరగదీస్తారా? అది ఇంక గ్రామేనా? రేపట్నించి దాంతో తూచిందంతా అబద్ధమే గదా!"

అన్నాక, తన మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయాడు. పేపరులో తను ఇరికించిన చిన్న రెండు మీదికి చూపు పోయింది. మార్కు ఊసు వాడు మళ్లీ ఎత్తలేదు. మాస్టారు ఆ బిళ్లను పెట్టెలో పెట్టకుండా చెత్తబుట్టలో పడేశారు.

"నీ పేపరు దిద్దుతున్నప్పుడు నాకూ ఇదే కోపం వచ్చింది నాయనా," అన్నారు. "ఈ కోపాన్ని పోగొట్టుకోకు."