మెడలో పడిన రత్తమ్మ గంట

కొండ నెత్తిన ఒక చిన్న ఊళ్ళో పాంగి సోంబు అనే ఆసామికి నాలుగు గుర్రాలుండేవి. ఆ ఊరికి రోడ్డు లేదు. పసుపైనా మిరియాలైనా గుర్రాల వీపు మీద దిగి శుక్రవారం సంతకు చేరాలి. ఉప్పూ నూనే మళ్ళీ ఆ వీపుల మీదే ఎక్కాలి. దారి సన్నం. ఒకదాని వెనక ఒకటిగా నడవాలి తప్ప పక్కపక్కన నడవడానికి వీల్లేదు. ముందు నడిచే గుర్రం మెడలో ఇత్తడి గంట ఉంటుంది. చలికాలం మంచు దిగిందంటే ముందు గుర్రం తోక కూడా కనబడదు. అప్పుడు వెనకవాటికి గంటే కళ్ళు.

ఆ గంట రత్తమ్మ అనే గుర్రానిది. పన్నెండేళ్ళు ఆవిడే ముందు నడిచింది. ఆవిడ వెనక చుక్కి, చుక్కి వెనక బూడిద తాత, ఆఖరున సుంకత్త. చుక్కి నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పడుచు గుర్రం. తల్లి లేని పిల్లగా వచ్చి, రత్తమ్మ పక్కనే పెరిగింది.

ఒకసారి చుక్కిని పక్క ఊరి పెళ్ళికి సామాను మొయ్యడానికి తీసుకెళ్ళారు. మూడు రోజులకు తిరిగొచ్చి చూస్తే రత్తమ్మ కట్టుగొయ్య దగ్గర ఎవరూ లేరు. గంట ఒక్కటే గుంజకు వేలాడుతోంది.

"రత్తమ్మేదీ?" అంది చుక్కి.

"కడుపునొప్పొచ్చి పోయిందే అమ్మా" అన్నాడు బూడిద తాత.

"ఎక్కడికి పోయింది?"

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. గుర్రాలకు చావు కబురు మాటలతో అందదు, ముక్కుతో అందాలి. పోయినదాని ముక్కుకు ముక్కు ఆనించి, ఊపిరి లేదని తెలుసుకుని, కాసేపు నిలబడితే అప్పుడు లోపలికి దిగుతుంది. తాతకూ సుంకత్తకూ ఆ అవకాశం దొరికింది. చుక్కికి దొరకలేదు.

ఆ రోజు నుంచి గుర్రాల సాల ఒక తీరుగా లేదు. తిండి పేరు చెబితే ముందు పరుగెత్తే బూడిద తాత సగం ఉలవలు తొట్టిలో వదిలేసి, రత్తమ్మ నిలబడే చోట నిలబడి గోడకేసి చూసేవాడు. రత్తమ్మ ఉన్నన్నాళ్ళూ నోరెత్తని సుంకత్త ఇప్పుడు దగ్గరికొచ్చినవాళ్ళందరినీ కరుస్తోంది. చుక్కి మాత్రం గడ్డి ముట్టదు, పడుకోదు. లోయ వైపు తిరిగి గంటకోసారి సకిలించి, చెవులు నిక్కించి, జవాబు కోసం చూస్తుంది.

ఎనిమిదో నాడు సుంకత్తకు ఓపిక పోయింది.

"ఓసి గుంటా! చచ్చినదాన్ని అరిచి లేపుతావేటి?"

"నువ్వు చూశావా?"

"చూశాను. వాసన చూశాను. చెవి కొరికి కూడా చూశాను, కదలలేదు."

"నేను చూళ్ళేదు కదా అత్తా."

"నేను చూస్తే చాలదా?"

"చాలదు" అంది చుక్కి.

సాల వెనక లాంటానా పొదలో ఒక నక్క కూర్చుని ఈ మాటలన్నీ విన్నది. చాలదు అన్న మాట దానికి భోజనం పిలుపులా వినిపించింది.

మర్నాడు చుక్కి ఒంటరిగా మేస్తున్నట్టు నటిస్తూ నిలబడి ఉంటే నక్క వచ్చి దూరంగా కూర్చుంది.

"ఏటమ్మాయ్, చిక్కిపోయావు. పాపం, అక్కడ ఆవిడా ఇలాగే చిక్కిపోయింది."

చుక్కి చటుక్కున తలెత్తింది. "ఎవరు?"

"మీ రత్తమ్మ. జారుడుబండ దాటాక లోయలో వాగు లేదూ, అక్కడ. చచ్చిందనుకుని వదిలేసి వచ్చారు మనుషులు. తెలివొచ్చింది. కాలు మడత పడింది, ఎక్కడం కష్టం."

"మరి నేను పిలుస్తుంటే పలకదేం?"

"గొంతు పోయింది. అందుకే తెల్లారుజామున కుంటుకుంటూ ఊరి దాకా వచ్చి గంట పట్టుకెళ్ళింది. మోగిస్తే చుక్కి గుర్తుపడుతుంది అంది. నా మాట నమ్మకు, వెళ్ళి గుంజ చూసుకో."

చుక్కి పరుగెత్తింది. గుంజకు గంట లేదు! ఆ పూట మొదటిసారి అది గడ్డి తిన్నది. సంతోషంతో కాదు, ఎప్పుడు పిలుపొస్తుందోనన్న కంగారుతో. తాతకు చెబుదామనుకుంది. చెబితే వెళ్ళనివ్వడని మానేసింది.

మరునాడు పొద్దున్నే గుర్రాలను మేతకు వదిలేసరికి మంచు కొండంతా కప్పేసింది. ఆ తెల్లదనంలోంచి, దిగుడు దారి నుంచి, గంట మోగింది.

అదే గంట. చుక్కి కాళ్ళు తలను అడగలేదు, నడిచేశాయి.

"చుక్కీ! ఎక్కడికే?" వెనక నుంచి తాత కేక.

"రత్తమ్మ పిలుస్తోంది తాతా!"

"ఆగవే పిల్లా! సుంకీ, లే! పిల్ల లోయలోకి దిగిపోతోంది!"

చుక్కి వినిపించుకోలేదు. గంట ముందు, తాను వెనక. రాళ్ళు గిట్టల కింద కదులుతున్నాయి. గంట కాస్త ఆగితే ఒళ్ళు చల్లబడుతోంది, మోగితే మళ్ళీ నడక. అలా జారుడుబండ అంచుకు వచ్చింది.

అక్కడ దాని కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఎందుకంటే అక్కడ ఆగడం అలవాటు. జారుడుబండ మీద అడుగు పెట్టే ముందు రత్తమ్మ నిలబడేది. ఒకటి, రెండు, మూడు ఊపిర్లు. వెనక ఆఖరి గుర్రం మూట కుదురుకునే దాకా గంట చప్పుడుండదు. ఆ తరవాత ఒక్కసారి తల విదిలించేది. ఒక్క మోత. ఇక రండి అని. పన్నెండేళ్ళలో సంత ఎంత ఆలస్యమైనా, సోంబు ఎంత అదిలించినా ఆవిడ ఆ మూడు ఊపిర్లు మానలేదు.

గంట మాత్రం ఆగలేదు. గణగణమంటూ బండ దాటి కిందికి పోయింది.

చుక్కి మూడు ఊపిర్లు లెక్కపెట్టింది. ఆ మూడో ఊపిరి దగ్గర, చుక్కి లెక్కలో, రత్తమ్మ చచ్చిపోయింది.

అప్పుడు దాని ముక్కు మేలుకుంది. ఇంతసేపూ గంటే వింటూ గాలిని వాసన చూడలేదు. కింద నుంచి ఘాటుగా కొట్టింది చిరుతపులి వాసన.

పరుగెత్తితే? ఎక్కుడు దారి, తడి రాళ్ళు. పడితే అంతే. పైన ఎక్కడో తాత గిట్టలు నెమ్మదిగా దిగుతున్నాయి. కాస్త వ్యవధి కావాలి. ఆ గంట పట్టుకున్న నక్క ఎక్కడుందో కూడా తెలియాలి. చుక్కి పిలిచింది.

"రత్తమ్మా! నువ్వేనా?"

గంట ఆగింది. "నేనేనే అమ్మా" అని బొంగురు గొంతు. గొంతు ఆగాక మళ్ళీ గంట.

మోత ఉన్నప్పుడు మాట లేదు, మాట ఉన్నప్పుడు మోత లేదు. గంట నక్క నోట్లో ఉందన్నమాట!

"నాకు భయమేస్తోంది రత్తమ్మా. బండ జారుతోంది. నువ్వు ఎప్పుడూ గంట మోగిస్తూనే పేరు పెట్టి పిలుస్తావు కదా? రెండూ కలిపి ఒక్కసారి వినిపిస్తే దూకేస్తాను."

కింద మంచులో నక్క గంట తోలుపట్టీని మెడకు వేసుకుంది. గుర్రం మెడ పట్టీ, నక్కకు వదులై గంట నేలకు ఈడుస్తోంది. మెలిపెట్టి ఇంకో చుట్టు దూర్చింది. అదీ చాలక మూడో చుట్టు. ఇప్పుడు గంట గొంతు కింద బిగుసుకుని ఖంగున మోగింది.

"చుక్కీ! రావే చుక్కీ!" గణగణ, గణగణ.

"వస్తున్నా, ఇంకా గట్టిగా!" అని చుక్కి చప్పుడు కాకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది.

అంతలో తాత, సుంకత్త వచ్చేశారు. బండ దగ్గర దారి కాస్త వెడల్పు. సుంకత్త చుక్కి మెడ మీద ఒక కొరుకు కొరికింది.

"ఇంటికెళ్ళాక ఇంకోటి ఉంది. జరుగు." దాన్ని పైకి నెట్టేసి, తాను వెనక్కి తిరిగి, లోయ వైపు వెనక కాళ్ళు పెట్టి నిలబడింది. "ఏ పులైనా సరే రానీ, మూతి పళ్ళు రాలగొడతాను!"

కింద మంచులోంచి గరగరమన్న చిరుత గొంతు వినబడింది. "ఏదిరా నువ్వు తెస్తానన్న గుర్రం? నీ గోలకు లోయలో జింక లేదు, కుందేలు లేదు, అన్నీ పారిపోయాయి. ముందు ఆ గంట తియ్యి!"

"తీస్తున్నా దొరా, తీస్తున్నా..." గణగణ. "రావడం లేదు దొరా!"

ఒక పంజా దెబ్బ, ఒక కుయ్యిమన్న అరుపు, దూరంగా పారిపోతున్న గంట మోత. చిరుతకు ఆరు వెనక కాళ్ళను ఎదుర్కొనే మోజు లేదు. అదీ తన దారిన పోయింది.

"నువ్వు ముందు నడువు పిల్లా" అన్నాడు తాత. "నా చూపు ఈ మంచులో ఆనదు."

"గంట లేదు కదా తాతా."

"నీ గిట్టలు వినబడతాయిలే."

ఆ శుక్రవారం సంతకు చుక్కే ముందు నడిచింది. జారుడుబండ దగ్గర సోంబు "హై, హై" అని అదిలించాడు. చుక్కి కదలలేదు. ఒకటి, రెండు, మూడు. వెనక తాత కాళ్ళు కుదురుకున్నాయి, సుంకత్త మూట సర్దుకుంది. అప్పుడు తల విదిలించి నడిచింది. సోంబు నోరు మూసుకుని వెనక నడిచాడు.

అవతలి కొండ మీద సన్నగా గంట మోగింది. ఆకలి నక్క ఏ ఉడతను పట్టబోయినా ఉడత ముందే చెట్టెక్కేస్తోంది. ఆ మోతకు చుక్కి చెవులు ఒక్కసారి నిక్కి, మెల్లగా వాలాయి.

నీతి: పోయినవాళ్ళ వస్తువును ఎవరైనా ఎత్తుకెళ్ళగలరు గాని, వాళ్ళు నేర్పిన నడకను ఎవరూ దొంగిలించలేరు.