తుర్రు వేసుకున్న పీటముడి

ఏరు సముద్రంలో కలిసే చోట పొన్నలంక అనే మడ అడవి ఉండేది. అక్కడ నేల తక్కువ, బురద ఎక్కువ. అందులో ముంగిసలు, అడవిపందులు, నీటికుక్కలు, కొంగలు, లెక్కలేనన్ని పీతలు కాపురముండేవి. ఒకరి మీద ఒకరు విసుక్కుంటూనే అందరూ కలిసి బతికేవారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవిలోని మంచినీటి గుంటలన్నీ ఎండిపోయాయి. ఎటు చూసినా నీళ్ళే, నోట పెడితే మాత్రం ఉప్పు! పాయకు అవతల ఉన్న ఇసుకదిబ్బ మీద చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. కాని పాయలో పోటు లాగుడు ఎక్కువ. ఈదబోయినవాళ్ళు సగం దూరం వెళ్ళి బతుకుజీవుడా అని వెనక్కి వచ్చేవారు.

వరదమ్మ అనే ముసలి నీటికుక్క మాత్రం అవతలకు పోయి నీళ్ళు తెచ్చేది. తాటాకులతో అల్లిన పెద్ద గాలిపటం తాడును నడుముకు కట్టుకుని, చెక్క మీద నిలబడి, గాలి లాగుతుంటే నీళ్ళ మీద జారిపోయేది. కొబ్బరి బుర్రల్లో నీళ్ళు నింపుకుని అలాగే తిరిగొచ్చి, ఇంటికో బుర్ర పంచేది. దాన్ని అందరూ గాలి సవారీ అనేవారు.

తుర్రు అనే కుర్ర ముంగిస ఇంట్లో ఆ బుర్రెడు నీళ్ళు చాలడం లేదు. వాళ్ళమ్మ కొత్తగా పిల్లల్ని కంది. గొంతు తడవక ఆమెకు పాలు పడటం లేదు. కన్నంలో పిల్లలు పొద్దస్తమానం కీచుకీచుమంటూనే ఉన్నాయి. ఆ అరుపు వింటే తుర్రుకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అసలే వాడు నిలకడ లేనివాడు. కూర్చుంటే తోక ఆడించేవాడు, పడుకుంటే చెవులు కదిపేవాడు.

"అత్తా, నాకు గాలి సవారీ నేర్పు. రేపటికల్లా నేర్చేసుకుంటాను" అన్నాడు వరదమ్మతో.

"రేపటికల్లా నువ్వు నేర్చేది ఉప్పునీళ్ళు మింగడం. తతిమ్మాది తర్వాత చూద్దాం" అంది వరదమ్మ.

బొండం అనే అడవిపంది పిల్ల కూడా నేర్చుకుంటానని వచ్చింది. దాని పొట్ట చూసి కొంగలు ముక్కులు కప్పుకుని నవ్వాయి. బొండం కూడా వాటితో కలిసి నవ్వేసింది.

మొదటి రోజు వరదమ్మ ఇద్దర్నీ ఇసుకలో కూర్చోబెట్టింది.

"గాలి ఎటు నుంచి వస్తోందిరా?"

"ఎటు నుంచి వస్తే ఏంటత్తా, వస్తోందిగా!" అన్నాడు తుర్రు.

"సముద్రం నుంచండీ, ఆయ్" అంది బొండం.

"ఆ! మధ్యాహ్నం ఈ గాలిలో నీళ్ళలో పడ్డా భయం లేదు, ఒడ్డుకే తోస్తుంది. తెల్లవారుజామున గాలి అడవి నుంచి సముద్రం మీదకు పోతుంది. అప్పుడు గాలిపటాన్ని ముట్టుకోకూడదు. నేనూ ముట్టుకోను."

తర్వాత వరదమ్మ నడుం తాడు చూపించింది. "ఇది జారుముడి. ఈ కొస లాగితే గాలిపటం మిమ్మల్ని వదిలేసి పోతుంది. ముందు దీన్ని లాగడం అలవాటు చేసుకోండి."

"ఎక్కకముందే దిగడం నేర్పుతారా ఎవరైనా!" అని తుర్రు మూతి ముడుచుకున్నాడు.

మర్నాటి నుంచి ఒడ్డున నిలబడి చిన్న గాలిపటం ఎగరేయడం మొదలైంది. ఆ తర్వాత చెక్క లేకుండా నీళ్ళలో పడుకుంటే గాలిపటం ఈడ్చుకుపోయేది. ఆఖరికి చెక్క చేతికొచ్చింది. ఎక్కడం, పడటం, దగ్గడం, మళ్ళీ ఎక్కడం! గాలి ఎక్కడో దూరాన విసిరేస్తే, చెక్కా గాలిపటమూ మోసుకుంటూ బయల్దేరిన చోటికి బురదలో నడిచి రావాలి. కళ్ళు మండేవి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారేవి. ఒళ్ళంతా పచ్చిపుండయ్యేది.

బొండం నడిచొస్తూ దారిలో బురద పెళ్ళగించి దుంపలు తినేది. తుర్రుకు మాత్రం ఆ నడకంటే ఒళ్ళు మండేది. దారి పొడవునా పీతలు కన్నాల్లోంచి తొంగిచూసేవి. తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు తుర్రు చెక్క మీద నిలబడ్డాడు! నిజంగా నిలబడ్డాడు. కొంగలు మెడలు సాచి చూశాయి. అంతలోనే తూలాడు. భయంతో చెయ్యి తాడు కొస మీద పడి ముడి జారిపోయింది. గాలిపటం పోయి మడ కొమ్మల్లో ఇరుక్కుంది. కొంగలు విరగబడి నవ్వాయి.

"ఈ దిక్కుమాలిన ముడే లేకపోతే ఈపాటికి దిబ్బ మీదుండేవాణ్ణి" అని తుర్రు పళ్ళు నూరాడు.

"నిన్ను బతికించేది ఆ ముడే. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు" అంది వరదమ్మ.

ఇంటికి వెళ్తే పిల్లల కీచుకీచులు సన్నబడ్డాయి. అరవడానికి కూడా వాటికి ఓపిక లేదు. అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది.

తెల్లవారుజామునే తుర్రు ఒడ్డుకు పరుగెత్తాడు. అడవి మీంచి గాలి హాయిగా వీస్తోంది. చూసి నవ్వేవాళ్ళెవరూ లేరు. వరదమ్మ పెద్ద గాలిపటం తీసుకున్నాడు. ఈసారి ఊడే పని లేకుండా నడుముకు పీటముడి బిగించాడు.

గాలిపటం లేచింది. తుర్రు చెక్క మీద నిలబడ్డాడు. పడలేదు! నీళ్ళు రెండు పక్కలా చీలిపోతుంటే వాడి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "అమ్మా, వచ్చేస్తున్నా!" అని కేకపెట్టాడు.

ఇసుకదిబ్బ దగ్గరకొచ్చింది. పక్కకొచ్చింది. వెనక్కి పోయింది.

తుర్రు ఎంత మళ్ళించినా గాలిపటం మళ్ళలేదు. ఎదురుగా సముద్రం తప్ప ఇంకేమీ లేదు. చెక్క జారిపోయి నీళ్ళలో పడ్డాడు. గాలిపటం వాణ్ణి ఈడ్చుకుపోతూనే ఉంది. ముడి లాగాడు, అది ఇంకా బిగుసుకుంది. కొరికాడు, తడిసిన పీచుతాడు తెగలేదు. నోరు తెరిచిన ప్రతిసారీ నీళ్ళు మింగాడు.

అప్పుడే దుంపల కోసం ఒడ్డుకొచ్చిన బొండం చూసి గొల్లుమంది. వరదమ్మ వెంటనే నీళ్ళలోకి దూకింది. సముద్రంలో చాలా దూరం పోయాక వాణ్ణి అందుకుని తాడు కొరికేసింది. పెద్ద గాలిపటం అలాగే సముద్రం మీదుగా ఎగిరిపోయింది. తుర్రును మెడ పట్టుకుని నీటి లాగుడుకు ఎదురీది ఒడ్డుకు చేరేసరికి ఆమె ముందుకాళ్ళు వాచిపోయాయి. ఇసుకలో పడి లేవలేకపోయింది.

మధ్యాహ్నానికి గాలి సముద్రం నుంచి తిరిగింది. అందరూ ఖాళీ బుర్రలతో ఒడ్డున నిలబడ్డారు. నీళ్ళు తెచ్చే వరదమ్మకు కాళ్ళు లేవవు. పెద్ద గాలిపటం పోయింది. తుర్రు ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

"నే వెళ్ళొస్తానండీ" అంది బొండం.

ఈసారి కొంగలు నవ్వలేదు. బొండం చిన్న గాలిపటం కట్టుకుని, జారుముడి రెండుసార్లు సరిచూసుకుని బయల్దేరింది. పోయేటప్పుడు పడింది, లేచింది. వచ్చేటప్పుడు గాలి దాన్ని ఎక్కడో దూరాన ఒడ్డెక్కించింది. బుర్రలు మోసుకుంటూ ఆ బురదంతా నడిచొచ్చింది. చిన్న గాలిపటం కదా, తెచ్చిన నీళ్ళు ఇంటికి నాలుగు గుక్కలే వచ్చాయి.

బొండం మొదటి వాటా తుర్రు వాళ్ళమ్మకే ఇచ్చింది. ఆమె తాగి కళ్ళు తెరిచింది. "నా కొడుకే తెచ్చాడు కదూ? పొద్దున వాడి కేక వినిపించింది" అంది.

తుర్రు తల దించుకున్నాడు.

"నేను తేలేదమ్మా. బొండం తెచ్చింది. నా వల్ల ఇవాళ అందరికీ నాలుగు గుక్కలే దక్కాయి" అన్నాడు.

అమ్మ వాడి తడి ఒళ్ళు నిమిరింది. మిగిలిన గుక్కెడు నీళ్ళు వాడి ముందుకు తోసింది. తుర్రు ఆ నీళ్ళు తాగలేకపోయాడు.

నీతి: పడటం, వదిలెయ్యడం, వెనక్కి నడిచి రావడం కూడా విద్యలో భాగమే. వాటిని సిగ్గనుకుని దాటేసినవాడు తనను నమ్ముకున్నవాళ్ళను కూడా కష్టాల్లో పడేస్తాడు.