బొమ్మల బడిలో బల్లిపాటు

గుమ్మడిదుర్గం ఏలే చిక్కభూపతి మహారాజుకి ఒకరోజు బడి చూడాలని బుద్ధి పుట్టింది. వెళ్లాడు. నలభైమంది పిల్లలు ఒకటే గోల. ఒకడైతే రాజుగారి మీసం నిజమైనదేనా అని దగ్గరికొచ్చి మరీ లాగి చూశాడు.

కొలువుకి తిరిగొస్తూనే రాజు చాటించేశాడు.

"చీమ చిటుక్కుమన్నా వినపడే బడి కావాలి నాకు. ఎవరు చేసి చూపిస్తే వాళ్లు కోరింది ఇస్తాను!"

దండపాణి పంతులు ఉత్తరీయం సర్దుకుంటూ లేచాడు. తనంత పండితుడు భూమ్మీద లేడని ఆయనకి గట్టి నమ్మకం. అంతకన్నా గట్టి నమ్మకం బల్లిశాస్త్రం మీద. గోడమీద బల్లి పలికితే గడప దాటేవాడు కాదు. ఒంటిమీద పడిందా, ఎక్కడ పడిందో తేలేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు.

"ప్రభూ, బొమ్మశాసనం పెడదాం. బడిలో అడుగుపెట్టినవాళ్లు బొమ్మల్లా ఉండాలి. కదలకూడదు, మాట్లాడకూడదు, ముఖ్యంగా ప్రశ్నలు అడక్కూడదు. మొదటి తప్పుకి గోడకుర్చీ. రెండో తప్పుకి పేరు కొట్టేయడం."

గోడకుర్చీ అంటే తెలుసుగా? గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో ఉన్నట్టుగా కూర్చోవడం. పది లెక్కపెట్టేసరికి మోకాళ్లు వణికిపోతాయి.

ఎనిమిది రోజుల్లో ముప్ఫైయొక్క పేర్లు ఎగిరిపోయాయి. మిగిలిన తొమ్మిదిమందీ కొయ్యబారిపోయారు. ఒక కుర్రాడి నెత్తిమీద పావురం గూడు కట్టడం మొదలెట్టినా వాడు చెయ్యెత్తి తోలలేదు.

"చూశారా, ఎంత ఏకాగ్రతో!" అని పంతులు ఊరంతా చెప్పుకున్నాడు.

రాజుగారి వెనక నిలబడి ఇరవయ్యేళ్లుగా వింజామర వీచే గవరమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆవిడ మనవరాలు నాంచారి ఆ తొమ్మిదిమందిలో ఒకతె. ఏడేళ్ల పిల్ల. చందమామ పగలు ఎక్కడుంటాడని అడిగిన పాపానికి ఒకసారి గోడకుర్చీ వేసి, అరుగు ఎక్కలేక అమ్మమ్మ చంకెక్కింది.

"ఇంకొక్కటి అడిగానంటే పంపించేస్తారంట అమ్మమ్మా. నాకేమో చదువుకోవాలనుంది. ప్రశ్నలేమో వాటంతటవే వచ్చేస్తున్నాయి, నేనేం చేసేది?" అని ఏడ్చింది.

గవరమ్మ పిల్ల కన్నీళ్లు తుడిచింది. మర్నాడు రాజు బడి చూడబోతున్నాడనగా కొలువులో మెల్లిగా నోరు విప్పింది.

"పంతులుగారూ, తెలీక అడుగుతున్నాను. ఈ శాసనం పిల్లలకేనా, పెద్దలక్కూడానా?"

"అడుగుపెట్టిన అందరికీను! నాకూ, రాజుగారికీ కూడా!"

"ఏదైనా ఆపదొస్తేనో?"

"ఆపదొస్తే మాత్రం? బొమ్మ నోరు విప్పుతుందా ఎక్కడైనా?"

రాజు సంబరపడిపోయి ఆ మాటమీద ముద్ర కూడా వేశాడు.

మర్నాడు బడిలో రాజు కూర్చున్నాడు. పక్కనే పంతులు, మెడ నిక్కించుకుని. ఎదురుగా తొమ్మిది బొమ్మలు. వెనక గవరమ్మ వింజామర. అది ఉన్నట్టుండి ఒక్క ఊపు ఊగింది. చల్లగా, మెత్తగా ఏదో పంతులు మీద పడి, జారి, అంగీలోకి దూరింది.

"బల్లి!" పంతులు కెవ్వుమని లేచాడు. "బల్లి పడింది! ఎక్కడ పడింది? తలమీదా, భుజమ్మీదా, మెడమీదా?"

ఎవరూ పలకలేదు. తొమ్మిదిమందీ కళ్లారా చూశారు, కానీ బొమ్మలాయె.

"చెప్పండర్రా! భుజమైతే సన్మానం, తలైతే నా పని సరి!" పంతులు అంగీ దులుపుకుంటూ గిర్రున తిరిగాడు. రాజు పెదాలు బిగించి కూర్చున్నాడు. ముద్ర తనదే మరి. మొహం మాత్రం కందగడ్డలా అయిపోయింది.

పంతులు నాంచారి ముందు చతికిలబడ్డాడు. "నువ్వు చెప్పమ్మా, నా బంగారుతల్లివి కదూ!"

నాంచారి కళ్లనిండా నీళ్లు. చెబితే చదువు పోతుంది. రెప్ప కూడా వెయ్యలేదు.

"శాసనం రద్దు!" పంతులు గావుకేక పెట్టాడు. "ప్రభూ, రద్దంటే రద్దు! తల ఊపండి!"

రాజు గబగబా తల ఊపేశాడు. అప్పుడు నాంచారి ఊపిరి పీల్చుకుని అడిగింది.

"ఏది పంతులుగారూ, ఆ దోసకాయ ముక్కా?"

బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వులు. పావురం గూడు వదిలేసి పరారైంది. రాజు పొట్ట పట్టుకున్నాడు.

"పంతులుగారూ, రద్దు కాకముందు మీరు కదిలారు, అరిచారు, ప్రశ్నలు అడిగారు. వెయ్యండి గోడకుర్చీ!"

పంతులు గోడకి ఆనుకున్నాడు. రాజు లెక్కపెట్టాడు. ఆరు దాటకముందే మోకాళ్లు గజగజలాడాయి, వీపు జారిపోయింది. నాంచారి ఒక్క పరుగున వెళ్లి ఆయన కిందకి పీట తోసింది. పంతులు దానిమీద కూలబడ్డాడు.

"ఏయ్ పిల్లా, నిన్నెవరు కదలమన్నారు?" అన్నాడు రాజు నవ్వాపుకుంటూ.

గవరమ్మ వింజామర దించింది.

"ప్రభూ, పిల్ల కదిలింది కాబట్టే పంతులుగారి నడుం నిలిచింది."

వింజామరకి అంటుకున్న దోసగింజ చూసి, రాజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "గవరమ్మా, గెలుపు నీదే. కోరుకో!"

"కొట్టేసిన ముప్ఫైయొక్క పేర్లూ మళ్లీ రాయించండి. ఇకమీదట ఈ బడిలో గోడకుర్చీ అన్న మాట ఏ బిడ్డా వినకూడదు."

రాజు అప్పటికప్పుడు ముప్ఫైయొక్క పల్లకీలు పంపించాడు. ఆ సందడిలో నాంచారి పంతులు పక్కన చేరి ఆయన అంగీ అంచు పట్టుకుని లాగింది.

"పంతులుగారూ, మరి దోసకాయ పడితే ఏం ఫలితమండీ?"

పంతులు వేళ్లమీద శాస్త్రం లెక్కపెట్టుకున్నాడు. చివరికి తనే ఫక్కున నవ్వేశాడు.

"శాస్త్రంలో లేదమ్మా. ఇలా పీటమీద కూర్చో, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం."