రాజావారి కుర్చీ దొడ్డి

రాజావారు ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించిన కుర్చీ మరుగుదొడ్డిని తాపీమేస్త్రి నూకాలు బిగించింది. ముహూర్తం దాకా ఎవరూ తాకకూడదని ఆజ్ఞ. అయినా రోజూ తెల్లారేసరికి అడుగున నీళ్ళు! ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఎవరూ ముట్టనిదే కారుతోందంటే ఈ నూకాలు పనే దొంగపని," అన్నాడు దివాను.

"రేపూ కారిందో, ఊరు విడిచిపో," అన్నారు రాజావారు.

నూకాలు మళ్ళీ అతికి, కుర్చీ అంచుకు నీలిమందు పూసి వెళ్ళింది. మర్నాడూ మడుగే.

"దివానుగారూ, చెప్పులు విప్పండి," అంది. అరికాళ్ళు నీలం!

"అంచుమీదికెక్కి గొంతుక్కూర్చుంటే కుర్చీ ఊగదా, అతుకు విడిపోదా? కాళ్ళు కిందపెట్టి కూర్చోవాలి బాబూ!"

రాజావారు తికమకపడ్డారు. "ఎక్కకపోతే మరెలా వస్తుందే?" అనేసి నాలుక్కరుచుకున్నారు.

"ఇప్పుడు ఊరెవరు విడవాలి ప్రభూ?"

రాజావారు పాదాలు మెల్లగా పంచెలోకి లాక్కున్నారు.