కోట గడియారానికి పదేళ్ళ అనుభవం

ఆ ఏడు కరువుకు ఊళ్ళో కొలుములన్నీ చల్లారాయి. అడిగిన చోటల్లా పని లేదనిపించుకున్నా, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, కమ్మరి మావుళ్ళు కోట గడియారం చూసుకునే పని కోసం మళ్ళీ కొలువుకెళ్ళాడు.

రాజుగారి పక్కనున్న దివాను ఎప్పటిలాగే గద్దించాడు. "ఈ గడియారం మీద పదేళ్ళ అనుభవం ఉందట్రా నీకు?"

ఇన్నాళ్ళూ లేదని చెప్పి వెనుదిరిగిన మావుళ్ళు, ఈసారి "ఉందండయ్యా" అన్నాడు.

"అబద్ధాలకోరు! ఆ గడియారం ఓడ దిగి రెండేళ్ళేగా అయింది!"

"అబద్ధానికి శిక్ష వేయించండి, పడతాను. కానీ నిజం చెప్పేవాడికి ఈ పని ఎలా దొరుకుతుందో కూడా సెలవివ్వండి."

రాజుగారు నవ్వారు. "మరి నిజంగా నీకెంత అనుభవముందోయ్?"

"ఇనుముతో పుట్టినప్పట్నుంచీ ఉంది ప్రభూ. గడియారంతో అంటారా, దాని తాళంచెవి ఇప్పిస్తే ఇవాళే మొదలు."

తాళంచెవి దివాను చేతుల మీదుగానే వచ్చింది.