కేదారి ఆకులో మెత్తటి అన్నం

నాగావళి ఒడ్డున పరదేశయ్యగారి ఆశ్రమం నుంచి పెద్ద వయసు వాళ్ళ కోసం ఒక మాసపత్రిక వచ్చేది. దాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని గురువుగారు శిష్యుడు కేదారికి అప్పగించారు. విశాఖలో పేజీలు పెట్టడం నేర్చుకుని వచ్చినవాడు, పనిమంతుడే. అయితే ఏం లాభం? ఆర్నెల్లు తిరిగేసరికి చందాదారుల్లో సగం మంది మానేశారు.

"పై నెల కూడా ఇలాగే ఉంటే పత్రిక ఆపేద్దాం" అన్నారు గురువుగారు. కోపం లేదు, బాధా లేదు. మబ్బు పట్టింది, బట్టలు తీసేద్దాం అన్నట్టు అన్నారు.

కేదారికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. రాత్రీ పగలూ కూర్చుని చేసిన పత్రిక అది.

"నేనేం తక్కువ చేశాను గురువుగారూ?" అంటూ తాజా సంచిక విప్పాడు. "అక్షరాలు ఇంతింత లావున పెట్టాను. మెరిసే కాగితం కళ్ళలో కొడుతుందని మామూలు కాగితం వేశాను. ఈ వయసులో మనసు కష్టపెట్టుకోకూడదని కథలన్నీ తీసేశాను. మోకాళ్ళ నొప్పులు, మలబద్ధకం, దైవచింతన. వాళ్ళకి ఇంకేం కావాలి?"

అట్ట మీద కర్ర పట్టుకున్న ముసలాయన బొమ్మ. ఆరు నెలలూ ఆయనే. కర్ర మాత్రం మారేది.

గురువుగారు పేజీలన్నీ ఓపిగ్గా తిప్పారు.

"అక్షరాలు బావున్నాయి. భోజనానికి పద" అన్నారు.

ఆ ఆశ్రమంలో వడ్డన గురువుగారిదే. ఆయన వేసింది వద్దనకూడదు, వెయ్యంది అడక్కూడదు.

ఆ వేళ గోంగూర పచ్చడి, వంకాయ కూర, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. పంక్తిలో అందరికీ వేసుకుంటూ వచ్చి కేదారి ముందు ఆగారు. గిన్నెలో కాస్త అన్నం పెట్టి, పప్పుకట్టు పోసి, గరిటెతో జావలా మెదిపారు. ఉప్పు లేదు, కారం లేదు. అది అతని ఆకులో వేసి, వీపు నిమిరి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పారు.

"మెల్లిగా... మింగు... బాబూ."

పంక్తి పంక్తంతా ఇటు తిరిగింది. కేదారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్కనే అప్పలనర్సమ్మగారు, ఊళ్ళోంచి వచ్చి భోంచేసి వెళ్ళే ఎనభై రెండేళ్ళావిడ, గోంగూరలో ఉల్లిపాయ నంజుకుని కరకర నములుతోంది. పత్రిక అందరికంటే ముందు మానేసింది ఆవిడే.

మర్నాడూ అదే అన్నం. మూడో నాడు కేదారికి ఒళ్ళు మండింది.

"ఏంటండీ గురువుగారూ ఇది? నాకు పళ్ళు ఊడిపోయాయా? చెవుడొచ్చిందా?"

"అబ్బే, లేదే."

"మరి నాకు పచ్చడెందుకు వెయ్యరు?"

"నీ మంచికే. గోంగూర వేడి చేస్తుంది."

"నాకు గోంగూరంటే ప్రాణమండీ! ఒక్క మాట నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా!"

గురువుగారు గిన్నె కింద పెట్టారు.

"అడగాలంటావా?"

కేదారి తల వంచుకుని ఆకులో ఉన్నదంతా తినేశాడు.

భోజనాలయ్యాక కాగితం, కలం పట్టుకుని వెళ్ళి, అరుగు మీద నడుం వాల్చిన అప్పలనర్సమ్మగారి పక్కన కూర్చున్నాడు.

"మామ్మగారూ, మీకేం చదవాలనుంది?"

ఆవిడ లేచి కూర్చుంది. "నేను మానేశాను కదా. ఇప్పుడు నన్నెందుకు అడగడం?"

"మీరు చెప్పింది వేస్తే మళ్ళీ తెప్పించుకుంటారేమోనని."

"ఏం చెప్పినా వేస్తావా?"

"వేస్తానండి."

ఆవిడ అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించింది.

"ఓ దొంగ కథ వెయ్యి బాబూ. గజదొంగ. చివరికి కూడా దొరక్కూడదు."