సగం కోసిన మోకు

మదార్ షా బాబా ఆశ్రమం గోదావరి ఒడ్డున ఉండేది. అవతలి పల్లెల వాళ్లు బాబా దగ్గరికి రావాలంటే ఆశ్రమం పడవే దిక్కు. ముసలి సరంగుకు చూపు మందగించి చుక్కాని వదిలేసిన రోజున, ఇక ఆ చోటు తనదేనని శిలారు అనుకున్నాడు. అతనే కాదు, ఒడ్డున అందరూ అలాగే అనుకున్నారు. మీసాలు రాకముందు నుంచీ ఆ పడవలో తెడ్డు వేస్తున్నవాడు. శిష్యుల్లో అంతటి ఈతగాడు లేడు.

బాబా చుక్కానిని ఖాసిం చేతికిచ్చాడు.

ఖాసిం నిన్నగాక మొన్న వచ్చినవాడు. అతనికి తెడ్డు పట్టడం నేర్పిందే శిలారు.

"నాలో ఏం తక్కువ చూశారు బాబా?" అని శిలారు ఆ సాయంత్రమే అడిగేశాడు.

బాబా తింటున్న రొట్టెను తుంచి సగం అతని చేతిలో పెట్టాడు. శిలారు దాన్ని అక్కడే వదిలేసి లేచిపోయాడు.

ఆ తర్వాత ఏటి మీద ఖాసిం "శిలార్ భాయ్, కాస్త జోరుగా" అన్నప్పుడల్లా అతనికి ఒళ్లు మండిపోయేది. వినిపించనట్టు నటించేవాడు. ఖాసిం పరువు ఏట్లో కలిసే రోజు కోసం ఎదురుచూశాడు.

బాబా గురువుగారి ఉరుసు వచ్చింది. ఎగువన వానలు పడి గోదావరి ఎర్రగా పొంగుతోంది. తెల్లవారుతుండగా, ఎవరూ రాకముందే శిలారు పడవ దగ్గరికి వెళ్లి, చుక్కానిని బిగించి కట్టిన మోకును కత్తితో సగానికి కోశాడు. కోసిన చోట బురద పూశాడు.

అతని లెక్క తేలికైనదే. జనాన్ని తీసుకురావడానికి పడవ ఖాళీగా అవతలికి వెళ్తుంది. నడి ఏట్లో మోకు తెగుతుంది. ఖాసిం గగ్గోలు పెడతాడు. అప్పుడు శిలారు అందరి కళ్లముందూ ఈదుకుంటూ వెళ్లి పడవను ఒడ్డుకు చేరుస్తాడు. ఆపైన చుక్కాని ఎవరిదో లోకమే చెబుతుంది.

"చెయ్యి పట్టేసింది, ఇవాళ తెడ్డు వేయలేను" అని చెప్పి ఒడ్డునే ఉండిపోయాడు. పడవ కదిలింది. ఇప్పుడు తెగుతుంది, ఇదిగో ఇప్పుడు!

మోకు తెగలేదు. పడవ చక్కగా అవతలి ఒడ్డుకు చేరింది.

అక్కడ జనం ఎక్కుతున్నారు. చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు. శిలారు చేతులు ఊపుతూ "ఎక్కొద్దు! ఎక్కొద్దు!" అని కేక పెట్టాడు. ఏటి హోరులో ఆ కేక ఎక్కడికీ పోలేదు. పిలుస్తున్నాడనుకుని అవతల ఎవరో తిరిగి చెయ్యి ఊపారు.

"ఏమైంది శిలారూ?" పక్కన నిలబడ్డ బాబా అడిగాడు.

శిలారు ఇంకా గట్టిగా చేతులు ఊపాడు.

నడి ఏట్లో పడవ ఒక్కసారి గిర్రున తిరిగింది. ఆడవాళ్ల అరుపులు ఒడ్డుదాకా వినిపించాయి. అదుపు తప్పిన పడవ అడ్డంగా కొట్టుకుపోతోంది. దిగువన నీళ్లు తెల్లగా విరుచుకుపడే రాళ్ల గుట్ట ఉంది.

శిలారు పడవ వైపు ఉరకలేదు. దిగువకు పరుగెత్తాడు. పడవను వరద ఎక్కడికి తెస్తుందో అతనికి తెలుసు. అక్కడ ఏట్లోకి దూకాడు. ఒక దుంగ భుజాన్ని చీరుకుంటూ పోయింది. మునిగాడు, తేలాడు, మళ్లీ ఈదాడు. పడవ మీదికొచ్చేసరికి ఒక చేత్తో దాని వెనక అంచు అందుకుని, రెండో చేత్తో వేలాడుతున్న చుక్కానిని గుండెకు హత్తుకున్నాడు.

నీళ్లలో ఉన్నవాడికి రాళ్లు కనబడవు. పైనున్న ఖాసింకే కనబడతాయి.

"భాయ్, కుడికి!" ఖాసిం అరిచాడు. శిలారు కుడికి తోశాడు.

"ఇంకా! ఇంకా! ఆపు... ఇప్పుడు ఎడమకి!"

శిలారు ఎడమకి తోశాడు. ఖాసిం గొంతులో వణుకు లేదు. ఆ గొంతు ఎటంటే అటు ఒళ్లంతా విరుచుకుని తోశాడు. ఒక రాయి పడవను రాసుకుంటూ వెనక్కి పోయింది. ఆ వెంటనే వరద జోరు తగ్గి, పడవ అడుగు ఇవతలి ఒడ్డు ఇసుకలో దిగబడింది.

జనం ఒక్కపెట్టున కేరింతలు కొట్టారు. శిలారును భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఒక ముసలమ్మ అతని చేతులు కళ్లకద్దుకుంది. "మా భాయ్ లేకపోతే ఇవాళ ఒక్కరం మిగిలేవాళ్లం కాదు!" అని ఖాసిం ఏడుస్తూ నవ్వుతున్నాడు.

శిలారు కోరుకున్నది ఇదే. కానీ ప్రతి కేక చెంపదెబ్బలా తగులుతోంది.

ఒడ్డు వెంట నడిచి వచ్చిన బాబా పడవ వెనక్కి వెళ్లాడు. వేలాడుతున్న మోకు కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. సగం పీచులు పీచులుగా తెగింది, సగం నున్నగా. తల ఎత్తి శిలారు వైపు ఒక్క చూపు చూశాడు. మోకును ఊడదీసి ఏట్లోకి విసిరేశాడు. అది కొట్టుకుపోయింది.

ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

శిలారు భుజాల మీదనుంచి కిందికి దూకాడు. "నేనే కోశాను" అన్నాడు. జనానికి వినిపించలేదు. ఈసారి గొంతు చించుకున్నాడు. "ఆ మోకు నేనే కోశాను! ఖాసిం మీద కుళ్లుతో కోశాను!"

కేరింతలు ఆగిపోయాయి. ఖాసిం నమ్మలేనట్టు చూశాడు. ఎవరో కర్ర ఎత్తారు. శిలారు తల వంచుకుని నిలబడ్డాడు, దెబ్బకు సిద్ధంగా.

ఈలోగా బాబా వాళ్ల మధ్యకు వచ్చాడు. తలపాగా విప్పి, మెలిపెట్టి, శిలారు చేతిలో పెట్టాడు.

"చుక్కాని కట్టు. అవతల ఇంకా జనం ఉన్నారు."

శిలారు మోకాళ్ల మీద కూలబడి కట్టాడు. ముడి మీద ముడి వేసి, పాదం ఆనించి లాగి, మళ్లీ బిగించాడు. ఖాసిం చుక్కాని దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని పట్టుకున్నాడు. శిలారు లేచి తెడ్డు అందుకున్నాడు.

బాబా పడవ ఎక్కి కూర్చున్నాడు.

"బాబా, ఈ ద్రోహి వేసిన కట్టును నమ్మి ఏట్లోకి వెళ్తారా?" అని కర్ర ఎత్తినవాడు అడిగాడు.

"ఇవాళ ఈ ఏటి మీద ఇంతకంటే గట్టిగా కట్టేవాడు దొరకడు" అన్నాడు బాబా.